చుట్టపు చూపుగా మూడేళ్లు

పోయిన నెల ఒక రాత్రి నా పాత స్టూడెంట్ ఫోన్ చేశాడు. విజయవాడ దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో నేను పాఠాలు చెప్పిన రోజుల్లో మా ఈసీఈ బ్రాంచి కుర్రాడు. తర్వాత పీహెచ్‌డీ చేశాడు. ఇప్పుడు చైనాలో ఒక యూనివర్సిటీ నుంచి ఉద్యోగం వచ్చింది. జీతం ఎంత, ఇల్లు ఇస్తారా, ఏడాదికి ఎన్నిసార్లు టికెట్లు ఇస్తారు, ఇవన్నీ వాళ్లనే అడిగి తెలుసుకున్నాడు. నన్ను అడగాలనుకున్నది ఒక్కటే.

"మేడం, అక్కడ మనల్ని మర్యాదగా చూస్తారా?"

"మర్యాదకేం లోటుండదు నాన్నా" అన్నాను. అతను సంతోషంగా ఫోన్ పెట్టేశాడు. నాకు మాత్రం ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ అసలు చెప్పాల్సింది చెప్పలేదనిపించింది. అది ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

2016 సెప్టెంబరు నుంచి 2019 జులై వరకు చైనాలోని నాన్‌జింగ్ నగరంలో ఒక యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ చెప్పాను. ఇంగ్లిష్ మీడియంలో నడిచే కోర్సు, పిల్లల్లో ఎక్కువమంది చైనా వాళ్లే. మూడేళ్లలో నన్ను ఒక్కరు కూడా ఒక్క మాట అనలేదు. నా బాధ అక్కడే మొదలవుతుంది. మనకు అక్కడ దొరికే మర్యాద నిజమైనది, మనసులోంచి వచ్చేది. కానీ అది ఇంటికొచ్చిన చుట్టానికి చేసే మర్యాద. అందులో హాయిగా ఎన్నేళ్లయినా ఉండిపోవచ్చు. ఉండిపోకూడదని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

దిగిన రోజు నుంచి

ఎయిర్‌పోర్టులో నా పేరు రాసిన అట్ట పట్టుకుని ఇద్దరు నిలబడి ఉన్నారు. విదేశీయుల వ్యవహారాలు చూసే ఆఫీసును అక్కడ వైబాన్ అంటారు. ఆ ఆఫీసు అమ్మాయి ఒకరు, పీజీ చదివే కుర్రాడు ఒకడు. సూట్‌కేసు మీద నన్ను చెయ్యి కూడా వేయనివ్వలేదు. నగరానికి తూర్పున షియాన్‌లిన్ అనే ప్రాంతం నిండా యూనివర్సిటీలే, రెండో నంబరు మెట్రో అక్కడిదాకా వెళ్తుంది. మా క్యాంపస్ కూడా అటువైపే. విదేశీ టీచర్ల కోసం కట్టిన భవనంలో మూడో అంతస్తులో నాకు ఇల్లు ఇచ్చారు. కొత్త దుప్పటి, నీళ్లు కాచుకునే కెటిల్, బల్లమీద ఒక పంపరపనస పండు, దాన్ని కోసుకోవడానికి చాకు.

దేశంలోకి వచ్చిన 24 గంటల్లో పోలీసుల దగ్గర చిరునామా నమోదు చేయించుకోవాలి. మర్నాడు పొద్దున్నే ఆ అమ్మాయి వచ్చి తీసుకెళ్లింది. తర్వాత వైద్య పరీక్షలు, బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, 30 రోజుల్లోగా పెట్టుకోవాల్సిన రెసిడెన్స్ పర్మిట్ దరఖాస్తు. ప్రతిచోటా ఫారాలన్నీ తనే నింపింది. నేను చూపించిన చోట సంతకం పెట్టాను. మన ఇళ్లలో సంక్రాంతికి కొత్త అల్లుడు వచ్చినప్పుడు ఎవరో ఒకరు వెంటే ఉండి చెప్పులు కూడా తెచ్చి పెడతారు చూడండి, అలా గడిచింది నా మొదటి నెల.

రోజువారీ జీవితం తొందరగానే అలవాటైంది. ఎనిమిదింటికి క్లాసు. 45 నిమిషాల పీరియడ్లు రెండు కలిపి. మధ్యాహ్నం 12 దాటితే క్యాంపస్ అంతా నిద్రపోతుంది, రెండింటిదాకా ఎవరికీ ఫోన్ చేయకూడదు. క్యాంటీన్‌లో టమాటా, గుడ్డు కలిపి చేసే వేపుడు అచ్చం మా అమ్మ చేసే కూరలా ఉండేది, కారం ఒక్కటి తక్కువ. చలి మాత్రం నేను అనుకున్నట్టు లేదు. చిన్‌లింగ్ కొండలకు, హువాయ్ నదికి ఉత్తరాన ఉన్న ఊళ్లకే ప్రభుత్వం శీతాకాలంలో ఇళ్లకు వేడి సరఫరా చేస్తుంది. నాన్‌జింగ్ ఆ గీతకు దక్షిణాన ఉంది. జనవరిలో క్లాసులో నేనూ పిల్లలూ కోట్లు విప్పకుండానే కూర్చునేవాళ్లం. వాళ్లు వేడినీళ్ల సీసాలు రెండు చేతుల మధ్య పెట్టుకుని పాఠం వినేవాళ్లు. అక్కడ టీచర్స్ డే సెప్టెంబరు 10. మన పాత విద్యార్థులు 5న, అక్కడి పిల్లలు 10న శుభాకాంక్షలు పంపుతుంటే ఆ వారమంతా మనసు నిండిపోయేది.

పిల్లలు టీచర్లను "లావ్‌షి" అని పిలుస్తారు. మన "మాస్టారు"లో ఉన్న గౌరవం, చనువు రెండూ అందులో ఉన్నాయి. కానీ నా గురించి వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేటప్పుడు వినిపించే మాట ఇంకొకటి, "వైజ్యావ్". వై అంటే బయట. బయటి దేశపు టీచర్ అని అర్థం. ఇందులో చిన్నచూపేమీ లేదు. చైనా దక్షిణాదిన అమ్మమ్మను కూడా వైపో అంటారు, అదే వై. ఎంత ప్రేమ ఉన్నా అమ్మమ్మ ఇంటిపేరు వేరే కదా. ఆ మాట అర్థం తెలిసినప్పుడు నాకు కోపం రాలేదు. నా చోటు ఎక్కడో తెలిసింది, అంతే.

ఎవరూ చెప్పని సంగతులు

అక్టోబరు 1 నుంచి 7 దాకా జాతీయ దినోత్సవం సెలవులు. నిజానికి అన్ని రోజుల సెలవు లేదు, అందులో కొన్ని వారాంతాల నుంచి అరువు తెచ్చుకున్నవి. ఆ అప్పు తీర్చడానికి ముందో వెనకో శనివారం, ఆదివారం పనిచేస్తారు. చైనాలో పుట్టిన ప్రతివాళ్లకూ ఇది తెలుసు, కాబట్టి ఎవరికీ చెప్పాల్సిన పని లేదు.

2016లో అక్టోబరు 8 శనివారం, 9 ఆదివారం పనిదినాలయ్యాయి. శనివారం నాడు గురువారం టైంటేబుల్ నడుస్తుంది. నేను ఆ పొద్దున తాపీగా బట్టలు ఉతుక్కుంటున్నాను. ఎనిమిదీ నలభైకి క్లాస్ మానిటర్ ఫోన్ చేశాడు. నలభై నిమిషాలుగా నలభై మంది పిల్లలు క్లాసులో కూర్చుని ఉన్నారు. తడి జుట్టుతో పరుగెత్తుకుంటూ వెళ్లాను. అందరూ చిరునవ్వుతో "పర్వాలేదు టీచర్" అన్నారు. ఆఫీసు నుంచి కూడా "మేమే చెప్పి ఉండాల్సింది, క్షమించండి" అని మెసేజ్ వచ్చింది. అదే మా విజయవాడ కాలేజీలో అయితే హెచ్‌ఓడీ పిలిచి నాలుగు మాటలనేవారు. నేను నొచ్చుకునేదాన్ని, మర్నాటి నుంచి సెలవుల సర్క్యులర్ రెండుసార్లు చదివేదాన్ని. ఇక్కడ ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి నాకు నేర్చుకునే దారి కూడా లేదు. ఇంకా ఇలాంటివి ఎన్ని ఉన్నాయో ఎవరిని అడగాలో తెలియలేదు.

రెండు నెలల తర్వాత జరిగింది మాత్రం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

డిసెంబరు 13, మంగళవారం. పది గంటల క్లాసు అప్పుడే మొదలైంది. నేను బోర్డు మీద రాస్తున్నాను. పదీ ఒక నిమిషానికి బయట సైరన్ మోగింది. ఫైర్ డ్రిల్ ఏదో అనుకుని రాస్తూనే ఉన్నాను. వెనక కుర్చీల చప్పుడైంది. తిరిగి చూస్తే క్లాసు మొత్తం లేచి నిలబడి ఉంది, అందరూ తలలు వంచుకుని. కార్లు హారన్లు మోగిస్తున్న శబ్దం రోడ్డు మీద నుంచి వినిపిస్తోంది. ఏం జరుగుతోందో నాకు తెలియలేదు, కానీ సుద్దముక్క కింద పెట్టాలని మాత్రం తెలిసింది. పెట్టి నిలబడ్డాను. సైరన్ ఆగింది. వాళ్లు కూర్చున్నారు. "ప్లీజ్ కంటిన్యూ, టీచర్" అన్నాడు మానిటర్.

1937లో అదే తారీఖున జపాన్ సైన్యం నాన్‌జింగ్‌లోకి వచ్చింది. తర్వాత వారాల తరబడి సాగిన ఊచకోత సంగతి నేను అంతకుముందు చదివాను కూడా. 2014 నుంచి ఆ రోజును దేశమంతటికీ సంస్మరణ దినం చేశారు, ఆ నిమిషానికి ఊరంతా సైరన్లు మోగుతాయి. నేను ఆ ఊళ్లో బతుకుతున్నాను, ఆ పిల్లల్లో కొందరి ముత్తాతల కాలం నాటి గాయం అది, వాళ్లు తలవంచిన ఆ క్షణంలో నేను వాళ్లకు వీపు పెట్టి ఫోరియర్ సిరీస్ రాస్తున్నాను. సాయంత్రం వైబాన్ అమ్మాయిని అడిగాను, నాకెందుకు ముందే చెప్పలేదని. తను చాలా నొచ్చుకుంది. "మా బాధాకరమైన విషయాలతో మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని అనుకున్నాం" అంది.

ఆ జవాబులో ఉన్న మంచితనాన్ని నేను శంకించను. మన ఇంట్లో కూడా చుట్టాలొచ్చినప్పుడు తాతగారి తద్దినం ఊసు ఎత్తం, వాళ్లు హాయిగా భోంచేసి వెళ్లాలి కాబట్టి. కానీ ఇంటి దుఃఖం తెలియని మనిషి ఆ ఇంటి పిల్లలకు ఏం చెప్పగలదు? సర్క్యూట్లు చెప్పొచ్చు, ఫార్ములాలు చెప్పొచ్చు. నాకు అది చాలదనిపించింది.

మైనస్ గుర్తు

మా భవనంలో విదేశీ టీచర్లంతా కలిసినప్పుడు ఎక్కువగా వినిపించే ఫిర్యాదు, "ఈ పిల్లలు నోరు విప్పరు. బట్టీ చదువులు. ప్రశ్నించడం తెలియదు" అని. మొదటి ఏడాది నేనూ తలూపాను. క్లాసులో ఏదైనా అడిగితే నిశ్శబ్దం. బ్రేక్ బెల్ కొట్టగానే అయిదారుగురు బల్ల చుట్టూ చేరేవాళ్లు, రాత్రి పదకొండుకు వీచాట్‌లో (మన వాట్సాప్ లాంటిది) ప్రశ్నలొచ్చేవి, అంటే ప్రశ్నలు లేక కాదు. అయినా క్లాసులో మాత్రం నిశ్శబ్దమే.

మార్చిలో ఒక రోజు సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ క్లాసులో టైమ్ షిఫ్టింగ్ సూత్రం రాస్తూ ఘాతంలో మైనస్ గుర్తు వదిలేశాను. ఒక్కరూ ఏమీ అనలేదు. ఆఖరి పరీక్షలో ఆ లెక్క ఇచ్చాను. 40 మందిలో 31 మంది మైనస్ లేకుండా రాశారు. ముందు వాళ్ల మీదే విసుగొచ్చింది. తర్వాత అనుమానం వచ్చి ఒక అమ్మాయి నోట్సు తెప్పించుకుని చూశాను. నా తప్పు అక్కడ ఉంది, పక్కన పెన్సిల్‌తో సరైన సూత్రం, దాని ఎదురుగా చిన్న ప్రశ్న గుర్తు. అంటే తనకు తెలుసు. టెక్స్ట్‌బుక్ చూసి మరీ సరిచూసుకుంది. పరీక్షలో మాత్రం నేను చెప్పినట్టే రాసింది. ఆ 31 మందికీ మార్కులు కలిపాను, అది వేరే సంగతి.

ఇది చైనా పద్ధతే, గురువు మాట జవదాటరు అని నాకు నేను సర్దిచెప్పుకోబోయాను. మా డిపార్ట్‌మెంట్‌లో నా కోర్సులకు సహాయంగా వేసిన ఒక యువ లెక్చరర్ ఉండేది. తనను అడిగాను, మీ క్లాసులో బోర్డు మీద తప్పు రాస్తే పిల్లలు ఊరుకుంటారా అని. నవ్వింది. "నాకు గీత పూర్తి చేసే టైం కూడా ఇవ్వరు. వెనక బెంచీ నుంచి అరుస్తారు." ఏమని అరుస్తారు? "త్సువో లె." తప్పు అని అర్థం.

కాబట్టి సంస్కృతి అనే పెద్ద మాట ఇక్కడ పనికిరాదు. అదే పిల్లలు, అదే వారం, పక్క క్లాసులో అరుస్తున్నారు. ఇంగ్లిష్ భయం కొంత కారణం కావచ్చు. నేను అలా కూడా ఆలోచించాను. భయమైతే వీచాట్‌లో రాయొచ్చు కదా, అదీ రాయలేదు. చుట్టం వండిన కూరలో ఉప్పు తక్కువైతే ఎవరం చెప్తాం? మారు మాట్లాడకుండా తినేస్తాం. అమ్మ వండితే మొదటి ముద్దకే చెప్పేస్తాం.

తర్వాతి సెమిస్టర్ మొదటి రోజు బోర్డు మీద ఆ రెండక్షరాలు చైనా లిపిలో రాశాను. ముందు రాత్రి ఇరవైసార్లు రాసి నేర్చుకున్నాను. నేను తప్పు రాస్తే ఇలా అనండి, ఇంగ్లిష్ అక్కర్లేదు, చెయ్యెత్తక్కర్లేదు అన్నాను. నాలుగు వారాలు ఏమీ లేదు. అయిదో వారం ఎవరో గొణిగారు. నేను తిరిగి చూసి దిద్దుకుని "థాంక్స్" అన్నాను. నవంబరు వచ్చేసరికి గొంతులు పెద్దవయ్యాయి. ఒకసారి నేను సరిగ్గానే రాసినా ఒకడు "త్సువో లె" అన్నాడు, ఇంకొకడు లేదు లేదు సరిగ్గానే ఉందని వాదించాడు, పది నిమిషాలు చైనా భాషలో వాళ్లలో వాళ్లు కొట్టుకున్నారు. నాకు అందులో పావు వంతు అర్థమైంది. నా టీచింగ్ జీవితంలో అంత మంచి క్లాసులు ఎక్కువ లేవు.

కంచం ఎవరు కడుగుతారు

ఇక్కడిదాకా చదివినవాళ్లు, "చుట్టంగా ఉంటే నష్టం నీకే కదా, ఎవరికి ఏ హానీ లేదు కదా" అనొచ్చు. నేనూ అలాగే అనుకున్నాను, రెండో ఏడాది జూన్ చివరిదాకా.

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో పనిచేసినవాళ్లకు కోర్సు ఫైలు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లకు, ఒక సబ్జెక్టుకు సంబంధించిన కాగితాలన్నీ కలిపి పెట్టే ఫైలు అది. కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ వాళ్లు వస్తున్నారంటే ఎన్ని రాత్రులు మేలుకున్నామో అందరికీ గుర్తే. చైనాలో అంతకు ఏమాత్రం తక్కువ లేదు. ప్రతి పరీక్షకూ రెండు ప్రశ్నాపత్రాలు తయారు చేయాలి, ఏ సెట్టు, బీ సెట్టు. రెండింటికీ జవాబులు, ఏ అడుగుకు ఎన్ని మార్కులో వివరం. ఎర్ర సిరాతో దిద్దాలి. 60 వస్తే పాస్. హాజరు, అసైన్‌మెంట్లకు కలిపి వేసే మార్కులకు వేరే పట్టిక. ఎంతమందికి 90 దాటాయి, ఎంతమంది తప్పారు, ఎందుకు, అని విశ్లేషణ రాయాలి. చివరికి జవాబుపత్రాలన్నీ రోల్ నంబర్ల వరసలో పేర్చి, పైన అట్ట పెట్టి కట్ట కట్టి ఆఫీసులో అప్పజెప్పాలి. ఈ పత్రాలన్నీ చైనా భాషలోనే ఉండాలి.

ఇవన్నీ ఉంటాయని నాకు రెండేళ్లు తెలియదు. పేపర్లు దిద్ది, మార్కుల జాబితా ఈమెయిల్ చేసి, ఇంటికి బయల్దేరేదాన్ని. 2018 జూన్‌లో ఏదో మర్చిపోయి రాత్రి తొమ్మిదింటికి డిపార్ట్‌మెంట్‌కు వెళ్తే ఒక గదిలో లైటు వెలుగుతోంది. ఆ యువ లెక్చరర్ నేల మీద కూర్చుని ఉంది. చుట్టూ నా జవాబుపత్రాలు. నేను ఇంగ్లిష్‌లో రాసిన జవాబుల స్కీమును చైనా భాషలోకి తిప్పి రాస్తోంది. ఎప్పటినుంచి ఇది చేస్తున్నావని అడిగితే మొదటి సెమిస్టర్ నుంచీ అంది. నాలుగు సెమిస్టర్లు. ఒక్క మాట నాతో అనలేదు.

తన పరిస్థితి ఏమిటో నాకప్పటికే తెలుసు. ఆరేళ్ల ఒప్పందం మీద చేరింది. ఆ గడువులో తగినన్ని పేపర్లు ప్రచురించి, ప్రాజెక్టు తెచ్చుకుని, అసోసియేట్ ప్రొఫెసర్ కావాలి. కాకపోతే వెళ్లిపోవాలి. "ఎదుగు, లేదా కదులు" అని దానికి అక్కడ వాడుకలో ఒక మాటే ఉంది. తనకు నాలుగేళ్ల పాప. తన పరిశోధనకు పెట్టాల్సిన రాత్రులు నా కట్టలు కట్టడానికి పోతున్నాయి. నేను ఫ్రీగా ఉన్న ఇంట్లో, తనకంటే ఎక్కువ జీతంతో, "ఇక్కడ పని ఒత్తిడి అసలు లేదమ్మా" అని మా అమ్మకు ఫోన్లో చెప్పుకుంటున్నాను.

చుట్టం భోంచేసి చెయ్యి కడుక్కుని లేస్తుంది. ఆ కంచం ఎవరో ఒకరు కడగాలి. కడిగేది చాలాసార్లు ఆ ఇంట్లో అందరికంటే చిన్న కోడలే. నా అభిప్రాయానికి మూలం ఆ గది, ఆ రాత్రి. అంతకుముందు నాకున్నది ఒంటరితనం మాత్రమే. ఆ తర్వాత అది న్యాయాన్యాయాల విషయమైంది.

ఇంకో వైపు

నాకే సమాధానం దొరకని ప్రశ్నలు కొన్ని ఉన్నాయి, వాటిని దాచను.

మొదటిది, చట్టం మనల్ని చుట్టాలుగానే చూస్తుంది. ఒప్పందం ఏడాదికోసారి రాసుకుంటారు. నేను వెళ్లినప్పుడు విదేశీ నిపుణుల ధృవపత్రం ఒకటి వేరే ఉండేది. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా ఒకే వర్క్ పర్మిట్ కార్డు చేసి, మనుషుల్ని ఏ, బీ, సీ అని మూడు తరగతులుగా విడదీశారు. దేనికైనా ఒక తారీఖు ఉంటుంది. వెళ్లిపోవడం ఖాయమైన మనిషి ఇంటిమనిషి కావాలనుకోవడం అత్యాశ కాదా? మా భవనంలో పదేళ్లుగా ఉంటున్న ఒక ముసలి ప్రొఫెసర్ ఇదే అనేవారు. "వాళ్లు నన్ను పాఠం చెప్పమని పిలిచారు. పాఠం బాగా చెప్తాను. అంతకుమించి చొరబడటం నా పని కాదు." ఆయన పాఠాలు నిజంగా బాగుండేవి. పిల్లలకు ఆయనంటే ప్రాణం.

రెండోది, నేను సహోద్యోగిని కావాలంటే చైనా భాష రావాలి. మీటింగులకు రానివ్వమని అడిగితే ఆ లెక్చరర్ అంది, "రెండు గంటలు కూర్చుంటారు. మీకోసం ఎవరో ఒకరు పక్కన కూర్చుని అనువాదం చెప్పాలి. అది నేనే అవుతాను." అంటే నా కోరిక కూడా తన భుజం మీదే పడుతుంది. అది నిజం.

మూడోది నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. విశాఖపట్నంలోను, హైదరాబాద్‌లోను మన యూనివర్సిటీల్లో ఆఫ్రికా దేశాల నుంచి వచ్చి చదువుకునే పిల్లలున్నారు. వాళ్లకు అద్దె ఇల్లు దొరకడం ఎంత కష్టమో, బస్సులో పక్క సీటు ఎలా ఖాళీగా ఉండిపోతుందో నేను చూశాను. మనం వాళ్లకు చుట్టం మర్యాద కూడా చేయం. నాకు నాన్‌జింగ్‌లో మొదటి రోజే పండు కోసుకోవడానికి చాకు దగ్గర్నుంచి అమర్చిపెట్టారు. అలాంటి చోట నిలబడి "నన్ను మరీ గౌరవంగా చూస్తున్నారు" అని ఫిర్యాదు చేసే హక్కు నాకుందా అని చాలాసార్లు అనుకున్నాను. ఫిర్యాదు చేసే హక్కు లేదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ మర్యాద చేసేవాళ్ల తప్పు కాదు నేను చెప్తున్నది. మర్యాద పుచ్చుకునేవాళ్లు లేచి కంచం తీయడం గురించి.

మూడో ఏడాది

ఆ వేసవి సెలవుల్లో తెనాలిలో మా ఇంట్లో కూర్చుని రోజూ మూడు గంటలు చైనా భాష చదివాను. సెప్టెంబరులో వెళ్లాక సాయంత్రం క్లాసుల్లో చేరాను. డిసెంబరులో హెచ్‌ఎస్‌కే అనే చైనా భాషా పరీక్ష మూడో స్థాయి రాశాను. దానికి అప్పట్లో 600 మాటలు వస్తే సరిపోయేది. మీటింగులో పాల్గొనడానికి 600 మాటలు చాలవు. కానీ మార్కుల పట్టిక నింపడానికి సరిపోతాయి, ఎందుకంటే ఆ పట్టికల్లో ప్రతిసారీ అవే ఇరవై మాటలు వస్తాయి.

ఈసారి పరీక్షలు కాగానే నా కట్టలు నేనే కట్టుకుంటానని ఆమెతో అన్నాను. వద్దంది. మళ్లీ అడిగాను. "మీకు కష్టం, ఆఫీసు వాళ్లు నన్నంటారు" అంది. మూడోసారి అడగకుండా వెళ్లి ఆ గదిలో నేల మీద కూర్చున్నాను. కాసేపు చూసి, ఒక ఎర్ర పెన్ను నా వైపు తోసి, మొత్తం మార్కులు మొదటి పేజీలో ఎక్కడ వేయాలో చూపించింది. విశ్లేషణ నా చైనా భాషలో రాశాను. నాలుగు వాక్యాల్లో మూడు దిద్దింది.

ఆ రాత్రి పదకొండు దాటాక, కట్టలు కడుతూ, తను మొదటిసారి నాతో గొడవలు చెప్పుకుంది. పాపను చూసుకోవడానికి వచ్చిన అత్తగారు ఇంట్లో తన మాట సాగనివ్వడం లేదని, ఆ ఏడాది ప్రాజెక్టు దరఖాస్తు తిరిగొచ్చిందని, ఒక్కోసారి ఈ ఉద్యోగం వదిలేసి ఊరికి పోవాలనిపిస్తుందని. సగం ఇంగ్లిష్, సగం చైనీస్. రెండున్నరేళ్లుగా తన దగ్గర నేను విన్నది "అంతా బాగుంది"లు మాత్రమే.

ఇంకొకటి గమనించాను. మన మీరు, నువ్వు లాగే చైనా భాషలో నిన్, ని అని రెండున్నాయి. తన మెసేజ్‌లలో ఎప్పుడూ నిన్ అనే రాసేది, అంటే మీరు. జనవరిలో ఒక పొద్దున వచ్చిన మెసేజ్‌లో "ని" ఉంది. "బీ సెట్టు ఫైల్లో ఏడో పేజీ పెట్టలేదు నువ్వు. పది లోపు తెచ్చి ఇవ్వు." ఆ మెసేజ్‌ను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. తర్వాత ఏడో పేజీ ప్రింటు తీసుకుని వెళ్లాను.

తనకు గడువులోగా ప్రమోషన్ వచ్చింది. అందులో నా పాత్ర ఏమీ లేదు, తన కష్టం అది. నేను తీసుకున్న నాలుగు సెమిస్టర్ల రాత్రులు లేకపోతే ఇంకో ఏడాది ముందే వచ్చేదేమో.

ఈ వ్యాసం చిత్తుప్రతిని ఆ ఫోన్ చేసిన కుర్రాడికి నిన్న పంపాను. రాత్రికి జవాబిచ్చాడు. "మేడం, మీరన్నది అర్థమైంది. కానీ నాకు ఇక్కడ ఇంటి లోనుంది, ఆరు నెలల బాబున్నాడు. మొదటి ఏడాది చుట్టంగానే ఉండనివ్వండి. ఊపిరి పీల్చుకుని తర్వాత చూస్తాను." నేను కాదనలేకపోయాను. నాకు రెండేళ్లు పట్టింది, అతను ఒక్క ఏడాదే అడుగుతున్నాడు. అతని ఊరు నాన్‌జింగ్ కాదు, అక్కడికి ఇంకా ఉత్తరాన. శీతాకాలం ఇంట్లో వెచ్చగా ఉంటుందని చెప్పాను. సెలవుల జాబితాలో ఏ శనివారాలు పనిదినాలో వెళ్లగానే అడిగి రాసుకోమన్నాను. సెమిస్టర్ చివర నీ జవాబుపత్రాలు ఎవరు కట్టలు కడుతున్నారో ఒక్కసారి వెళ్లి చూడు, ఇంకేమీ చేయకపోయినా, అని రాశాను. "సరే మేడం" అని పెట్టాడు. సెప్టెంబరు మొదటి వారంలో బయల్దేరుతున్నాడు.